డార్క్ చాక్లెట్ ఎలా ఎంచుకోవాలి, ఎంత తినాలి, ఎవరు జాగ్రత్తపడాలి

సూపర్‌మార్కెట్‌లో చాక్లెట్ల ర్యాక్ ముందు నిలబడితే 50%, 70%, 85%, 99% అంటూ అంకెలు కనిపిస్తాయి. గుండెకు మంచిదని ఎక్కడో విని కొందరు పెద్ద అంకె ఉన్న బార్ తీసుకుంటారు. ఇంటికొచ్చి ఒక ముక్క నోట్లో వేసుకోగానే మొహం చిట్లించి, మిగతాది ఫ్రిజ్‌లో ఓ మూలకు నెట్టేస్తారు. ఇంకొందరు రేపర్ మీద ‘డార్క్’ అన్న మాట చూసి, సగానికి సగం చక్కెర ఉన్న బార్ కొంటారు. ఆరోగ్యానికి మంచిదే కదా అనుకుంటూ ఒక్క పూటలో ముగిస్తారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. డార్క్ చాక్లెట్ మనకు దొరికే మంచి తీపి పదార్థాల్లో ఒకటి. మీరు రోజూ తినే స్వీటు, బిస్కెట్లు, ఐస్‌క్రీమ్ స్థానంలోకి ఇది వస్తే లాభమే. వాటన్నిటికీ తోడుగా వస్తే మాత్రం కొవ్వు, కేలరీలు పెరగడం తప్ప ఒరిగేదేమీ లేదు. అసలు చాక్లెట్ మీద ఇష్టమే లేనివాళ్లు ఆరోగ్యం కోసమని అలవాటు చేసుకోనక్కర్లేదు. ఇష్టం ఉన్నవాళ్లు దాన్ని తెలివిగా ఎలా తినాలో ఇక్కడ వరుసగా చెబుతున్నాను.

1. 100 గ్రాముల లెక్కను 20 గ్రాములకు మార్చుకోండి

70 నుంచి 85 శాతం కోకో ఉన్న చాక్లెట్ 100 గ్రాములు తీసుకుంటే అందులో దాదాపు 600 కేలరీలు, 43 గ్రాముల వరకు కొవ్వు, 11 గ్రాముల పీచు, 8 గ్రాముల ప్రొటీన్ ఉంటాయి. ఐరన్ 12 మిల్లీగ్రాములు, మెగ్నీషియం 230 మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఉంటాయి. రాగి, మాంగనీసు కూడా బాగానే ఉంటాయి. డార్క్ చాక్లెట్‌ను పొగిడే పోస్టుల్లో సాధారణంగా కనిపించేవి ఈ అంకెలే. కానీ రోజూ 100 గ్రాములు తినమని ఏ డాక్టరూ చెప్పరు.

అందుకే 20 గ్రాములకు లెక్క వేద్దాం. 120 కేలరీలు, ఎనిమిదిన్నర గ్రాముల కొవ్వు, 5 నుంచి 6 గ్రాముల చక్కెర, 2 గ్రాముల పీచు, 45 మిల్లీగ్రాముల మెగ్నీషియం, 2 మిల్లీగ్రాముల పైచిలుకు ఐరన్. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ ఆడవాళ్లకు సూచించే మెగ్నీషియం రోజుకు 370 మిల్లీగ్రాములు. అంటే రెండు చిన్న ముక్కల్లో అందులో ఎనిమిదో వంతు వస్తుంది. ఒక తీపి తిండికి ఇది మంచి మార్కే. గులాబ్‌జామూన్ నుంచి ఇంత రాదు.

ఐరన్ సంగతి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. ‘రక్తం పట్టడానికి డార్క్ చాక్లెట్ తినండి’ అనే సలహా చాలాచోట్ల తిరుగుతోంది. ఇది నమ్మకండి. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ సగానికి పైగా ఆడవాళ్లలో రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఆడవాళ్లకు రోజుకు కావలసిన ఐరన్ 29 మిల్లీగ్రాములు. చాక్లెట్‌లో ఉన్న ఆ రెండు మిల్లీగ్రాములు కూడా పూర్తిగా ఒంటికి పట్టవు. కోకోకు వగరునిచ్చే పాలీఫినాల్స్ పేగుల్లో ఐరన్‌ను పట్టేసుకుంటాయి. టీ తాగితే జరిగేదీ ఇదే. హిమోగ్లోబిన్ తక్కువగా ఉందని పరీక్షలో తేలితే డాక్టర్ ఇచ్చిన మాత్రలు వేసుకోండి. ఆకుకూర, పప్పు మీద నిమ్మకాయ పిండుకుని తినండి. మాంసాహారులైతే కాలేయం తినండి. వీటిలో దేనికీ చాక్లెట్ బదులు కాదు.

2. రేపర్ వెనక్కి తిప్పి చదవండి

ముందువైపు ఉండేది ప్రకటన. మీకు కావలసింది వెనకాల చిన్న అక్షరాల్లో ఉంటుంది.

పదార్థాల జాబితాలో ఏది ఎక్కువగా ఉంటే అది ముందు రాయాలన్నది నియమం. మొదటి పేరు చక్కెర అయితే ఆ బార్ రంగు ఎంత నల్లగా ఉన్నా పక్కన పెట్టేయండి. మొదట కోకో మాస్ (రుబ్బిన కోకో గింజల ముద్ద) లేదా కోకో సాలిడ్స్ ఉండాలి, తర్వాత కోకో బటర్ (గింజల్లోని కొవ్వు), ఆ తర్వాతే చక్కెర. ఎమల్సిఫయర్ అని సోయా లెసిథిన్ ఉంటే కంగారు పడకండి, అది చాక్లెట్ నునుపుగా రావడానికి కొద్దిగా వేసేదే.

శాతం అంటే కోకో మాస్, కోకో బటర్, కోకో పొడి ఏవి వేసినా అన్నీ కలిపిన బరువు. మిగిలినదంతా దాదాపు చక్కెరే. 70% బార్‌లో 100 గ్రాములకు 30 గ్రాముల వరకు, 85% బార్‌లో 15 గ్రాముల వరకు, 50% బార్‌లో 50 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది. పోషకాల పట్టికలో ‘యాడెడ్ షుగర్స్’ అన్న వరుస చూస్తే మీ లెక్క సరిపోయిందో లేదో తెలిసిపోతుంది. రోజు మొత్తం మీద చక్కెర 25 గ్రాములు దాటవద్దని భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. పొద్దున కాఫీలో రెండు చెంచాలు, సాయంత్రం టీలో రెండు చెంచాలు వేసుకునేవాళ్లకు అందులో చాలా భాగం అక్కడే అయిపోతుంది. అందుకే చేదు అలవాటయ్యాక 70%కి తక్కువ కొనమని నేను చెప్పను.

ఇంకో రెండు మాటల కోసం వెతకండి. ఒకటి ‘వెజిటబుల్ ఫ్యాట్’ లేదా ‘హైడ్రోజినేటెడ్ వెజిటబుల్ ఫ్యాట్’. ఖరీదైన కోకో బటర్ తీసేసి, దాని చోట పామాయిల్ లాంటి కొవ్వు వేసిన సరుకును కాంపౌండ్ అంటారు. కేకుల మీద పూసే చవక స్లాబులు ఎక్కువగా ఇవే. 2024లో అంతర్జాతీయ మార్కెట్‌లో కోకో గింజల ధర టన్ను 10,000 డాలర్లు దాటింది. ధర అలా పెరిగినప్పుడు కోకో తగ్గించి వేరే కొవ్వులు కలపాలన్న ఒత్తిడి కంపెనీల మీద ఉంటుంది. కాబట్టి మీరు ఎప్పుడూ కొనే బార్ అయినా ఆర్నెల్లకోసారి వెనక్కి తిప్పి చూడడం మంచిది.

రెండోది ఆల్కలైజ్డ్, లేదా ‘డచ్ ప్రాసెస్డ్’. కోకో పొడి డబ్బాల మీదైతే ‘అసిడిటీ రెగ్యులేటర్’ అని రాసి, పక్కన 500, 501 లాంటి నంబర్లు వేస్తారు. ఇది ఎందుకు ముఖ్యమో తర్వాతి భాగంలో చెబుతాను.

3. మేలు చేసేది ఏమిటో, అది ఎక్కడ పోతుందో తెలుసుకోండి

డార్క్ చాక్లెట్‌కు ఇంత పేరు తెచ్చినవి ఫ్లావనాల్స్ అనే పదార్థాలు. ఇవి రక్తనాళాల లోపలి పొరలో నైట్రిక్ ఆక్సైడ్ ఎక్కువగా తయారయ్యేలా చేస్తాయి. దాంతో రక్తనాళం కాస్త వదులై, రక్తం సాఫీగా పారుతుంది.

ఏలూరు జిల్లాలో కొబ్బరి, పామాయిల్ తోటల నీడలో కోకో చెట్లు చూసే ఉంటారు. దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రప్రదేశ్‌లోనే. ఎప్పుడైనా అటు వెళ్తే ఒక కాయ కొట్టించుకుని చూడండి. తెల్లటి గుజ్జు చుట్టుకుని గింజలు వరసగా ఉంటాయి. గుజ్జు తియ్యగా, పుల్లగా బాగుంటుంది. గింజను మాత్రం చాకుతో అడ్డంగా కోయండి. లోపల చిక్కటి ఊదా రంగు కనిపిస్తుంది. కొరికితే నాలుక ముడుచుకుపోయేంత వగరు, చేదు. ఫ్లావనాల్స్ అత్యధికంగా ఉండేది ఆ స్థితిలోనే. చాక్లెట్ వాసన మాత్రం అప్పటికి ఏమాత్రం ఉండదు.

ఆ వాసన రావాలంటే గింజలను గుజ్జుతో పాటు చెక్కపెట్టెల్లో పోసి, అరటాకులు కప్పి ఐదారు రోజులు పులియబెట్టాలి. తర్వాత ఎండబెట్టాలి, వేయించాలి, పొట్టు తీసి రుబ్బాలి. ఊదా రంగు గోధుమ రంగుకు తిరుగుతుంది, వగరు తగ్గుతుంది, రుచి పుడుతుంది. వగరుతో పాటు ఫ్లావనాల్స్ కూడా ప్రతి దశలోనూ కొంత పోతాయి. చివర్లో క్షారంతో శుద్ధి చేస్తే (ఆల్కలైజ్డ్, డచ్ ప్రాసెస్డ్ అంటే ఇదే) మిగిలినవాటిలోనూ చాలా భాగం పోతాయి. నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ హౌటెన్ కుటుంబం 19వ శతాబ్దంలో తెచ్చిన పద్ధతి ఇది. పొడి నల్లగా మారుతుంది, పాలల్లో బాగా కలుస్తుంది, చేదు తగ్గుతుంది. బేకింగ్‌కు అది అనుకూలమే. ఆరోగ్యం కోసం కొనేవాళ్లకు మాత్రం అది తగినది కాదు.

కాబట్టి రెండు విషయాలు గుర్తుంచుకోండి. నలుపు ఎక్కువైనంత మాత్రాన మేలు ఎక్కువని కాదు. 85% ఉన్నంత మాత్రాన 70% కన్నా ఫ్లావనాల్స్ ఎక్కువ ఉంటాయన్న హామీ కూడా లేదు. శాతం మీకు చక్కెర గురించి నిజం చెబుతుంది, ఫ్లావనాల్స్ గురించి చెప్పదు.

ఇక పరిశోధనలు. పనామా దేశపు శాన్ బ్లాస్ దీవుల్లో ఉండే కునా జాతివాళ్లకు వయసు పెరిగినా బీపీ పెద్దగా పెరగడం లేదని, వాళ్లు కోకో పానీయం బాగా తాగుతారని హార్వర్డ్‌కు చెందిన నార్మన్ హోలెన్‌బర్గ్ గమనించారు. నగరానికి వలస వెళ్లిన కునా వాళ్లలో ఆ తేడా కనిపించలేదు. అక్కడి నుంచే కోకో మీద ఆసక్తి బాగా పెరిగింది. వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 2017లో 35 ప్రయోగాలను కలిపి చూసింది. కోకో ఫ్లావనాల్స్ వల్ల బీపీ సగటున 2 పాయింట్ల లోపే తగ్గింది, ముందే బీపీ ఉన్నవాళ్లలో 4 పాయింట్ల దాకా తగ్గింది. అమెరికాలో 21,000 మందికి పైగా పెద్దవాళ్ల మీద జరిగిన కాస్మోస్ ప్రయోగం ఫలితాలు 2022లో వచ్చాయి. రోజూ 500 మిల్లీగ్రాముల ఫ్లావనాల్స్ తీసుకున్నవాళ్లలో గుండెజబ్బు మరణాలు 27 శాతం తక్కువగా కనిపించాయి. కానీ ఆ ప్రయోగం ప్రధానంగా పరీక్షించిన మొత్తం గుండెజబ్బు సంఘటనల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పైగా వాళ్లు తీసుకున్నది క్యాప్సూల్, చాక్లెట్ కాదు. ఆ ప్రయోగానికి చాక్లెట్ కంపెనీ మార్స్ నుంచి నిధులు వచ్చాయన్నదీ తెలిసి ఉండాలి.

అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2023లో కోకో, గుండె ఆరోగ్యం గురించి ఒక పరిమిత వాక్యానికి అనుమతి ఇచ్చింది. అది కూడా కనీసం 4 శాతం ఫ్లావనాల్స్ ఉన్న ప్రత్యేకమైన కోకో పొడికి మాత్రమే, ఆధారాలు చాలా పరిమితమన్న హెచ్చరికతోనే. మామూలు కోకో పొడికి గానీ, చాక్లెట్‌కు గానీ అది వర్తించదు.

వీటన్నిటి నుంచి నేను తీసుకునేది ఇది: కోకోలో మేలు ఉంది, కానీ చిన్నది. బీపీ మాత్ర మానేసి చాక్లెట్ తినాలనుకునేంత మేలు మాత్రం లేదు. అలా చేసేవాళ్లు మీ ఇంట్లో ఉంటే దయచేసి ఆపండి.

4. కొలత పెట్టుకోండి

రోజుకు 20 గ్రాములు, వారంలో మూడు నాలుగు రోజులు. మామూలుగా ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు నేను సూచించేది ఇంతే.

బార్ మొత్తం బరువు రేపర్ మీద ఉంటుంది. దాన్ని గళ్ల సంఖ్యతో భాగించండి. 100 గ్రాముల బార్‌లో 10 గళ్లు ఉంటే ఒక్కో గడి 10 గ్రాములు, మీ వాటా రెండు గళ్లు. బార్ తెచ్చిన రోజే అంతా విరిచి, రెండేసి గళ్ల చొప్పున చిన్న డబ్బాలోకో బటర్ పేపర్ పొట్లాల్లోకో సర్దేయండి. టీవీ ముందు బార్ మొత్తం చేతిలో పెట్టుకుని కూర్చుంటే ఎవరికైనా ఆగడం కష్టం.

5. చేదుకు మెల్లగా అలవాటు పడండి

మిల్క్ చాక్లెట్ నుంచి ఒక్కసారిగా 85%కి దూకకండి. 55% దగ్గర మొదలుపెట్టి, అది తియ్యగా అనిపించడం మొదలైనప్పుడు 70%కి వెళ్లండి. చాలామందికి అక్కడ ఆగితే చాలు. 85% నచ్చితే సంతోషం, నచ్చకపోతే బాధపడనక్కర్లేదు. 99% తినాల్సిన అవసరం ఎవరికీ లేదు.

తినే పద్ధతి కూడా తేడా చూపిస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన ముక్కకు రుచి తెలియదు, పావుగంట బయట ఉంచండి. విరిస్తే టక్‌మని శబ్దం రావాలి, విరిగిన అంచు శుభ్రంగా ఉండాలి. మంచి కోకో బటర్‌తో సరిగ్గా తయారైన చాక్లెట్‌కు అది గుర్తు. రెండుసార్లు కొరికి వదిలేయండి, నాలుక మీద దానంతట అదే కరగనివ్వండి. కోకో బటర్ ఒంటి వేడికి కాస్త తక్కువలో, 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అందుకే నోట్లో మెల్లగా జారిపోతుంది. కాంపౌండ్ అయితే అంగిలికి మైనంలా అంటుకుంటుంది. మొదట చేదు వస్తుంది, వెనకాల కాస్త పులుపు, ఒక్కోసారి ఎండుద్రాక్ష లాంటి వాసన వస్తాయి. ఇలా తింటే రెండు గళ్లకే తృప్తి కలుగుతుంది. నాలుగు వేయించిన పల్లీలో, రెండు బాదం పప్పులో జత చేస్తే చేదు ఇంకా తేలికవుతుంది.

పిల్లలున్న ఇంట్లో పాలల్లో కలిపే తియ్యటి చాక్లెట్ పొడి బదులు ఆల్కలైజ్ చేయని కోకో పొడి వాడి చూడండి. ఒక చెంచా పొడిని ముందు రెండు చెంచాల వేడి పాలతో ముద్దలా కలపండి. అప్పుడే గడ్డలు కట్టదు. తర్వాత మిగతా పాలు పోసి ఒక పొంగు రానివ్వండి. ఎంత బెల్లం వేయాలన్నది మీ చేతిలో ఉంటుంది. పాలు విరగకుండా బెల్లాన్ని స్టవ్ కట్టేశాకే వేయండి.

6. ఎప్పుడు తినాలి

మధ్యాహ్నం భోజనం అయిన గంట తర్వాతో, సాయంత్రం నాలుగింటికి బిస్కెట్ల మీదకు మనసు పోయినప్పుడో తినండి. ఐరన్ మాత్ర వేసుకునేవాళ్లు దానికీ చాక్లెట్‌కూ మధ్య కనీసం గంటా రెండు గంటలు వ్యవధి ఉంచండి.

రాత్రి పడుకోబోయే ముందు వద్దు. 20 గ్రాముల్లో కెఫీన్ 16 మిల్లీగ్రాముల లోపే, ఒక ఫిల్టర్ కాఫీలో ఉండేదానితో పోలిస్తే తక్కువే. కానీ థియోబ్రోమిన్ అనే మరో ఉత్తేజకం 160 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. నిద్ర సరిగా పట్టనివాళ్లకు ఇది తేడా చేయొచ్చు.

7. ఎవరు జాగ్రత్తపడాలి

షుగర్ ఉన్నవాళ్లు 85% బార్‌లో ఒక గడి, అదీ భోజనం తర్వాత తిని, రెండు గంటలకు గ్లూకోమీటర్‌తో చూసుకుంటే వాళ్ల ఒంటి సంగతి వాళ్లకే తెలుస్తుంది. ‘షుగర్ ఫ్రీ’ అని అమ్మే వాటిలో చక్కెర బదులు తరచుగా మాల్టిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది. అది రక్తంలో చక్కెరను చక్కెరంత కాకపోయినా పెంచుతుంది. కాస్త ఎక్కువైతే కడుపు ఉబ్బరం, విరేచనాలు వస్తాయి. పైగా కొవ్వు, కేలరీలు ఎక్కడికీ పోవు.

కిడ్నీలో ఆక్సలేట్ రాళ్లు వచ్చినవాళ్లకు కోకో మంచిది కాదు, అందులో ఆక్సలేట్లు ఎక్కువ. కిడ్నీ జబ్బుతో పొటాషియం తగ్గించమన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా తినకండి. గుండెలో మంట, పుల్లటి తేన్పులు ఉన్నవాళ్లకు సమస్య పెరగొచ్చు. మైగ్రేన్ ఉన్నవాళ్లలో కొందరికి ఇది తలనొప్పిని రేపుతుంది. తిన్న రోజూ, నొప్పి వచ్చిన రోజూ రాసుకుంటే మీకు సంబంధం ఉందో లేదో తేలుతుంది.

గర్భిణులు, చిన్నపిల్లల గురించి ఇంకొంచెం చెప్పాలి. కోకో చెట్టు నేలలోంచి కాడ్మియంను పీల్చుకుంటుంది. సీసం మాత్రం ఎక్కువగా కోత తర్వాత, గింజలు ఆరుబయట ఎండేటప్పుడు దుమ్ముతో పాటు చేరుతుంది. అమెరికాలో కన్స్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2022లో 28 డార్క్ చాక్లెట్ బార్లను పరీక్షిస్తే అన్నిటిలోనూ ఈ రెండు లోహాలు కనిపించాయి. వాటిలో 23 బార్లు ఎలా ఉన్నాయంటే, రోజుకు 28 గ్రాములు తిన్నా కనీసం ఒక లోహం కాలిఫోర్నియా పెట్టిన కఠిన పరిమితి దాటుతుంది. ఇది పెద్దవాళ్లు అప్పుడప్పుడు తినే రెండు గళ్లకు భయపడాల్సిన విషయం కాదు. కానీ సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది, దానికి సురక్షిత మోతాదు అంటూ లేదు. కాబట్టి గర్భిణులు, పిల్లలు రోజూ తినకపోవడమే మేలు. మిగతావాళ్లు ఒకే బ్రాండ్ పట్టుకుని ఏళ్ల తరబడి తినకుండా మారుస్తూ ఉండండి. కోకో శాతం పెరిగేకొద్దీ ఈ లోహాలూ పెరిగే వీలుంది. 99% అవసరం లేదని అనడానికి నాకున్న రెండో కారణం ఇదే.

ఇంట్లో కుక్క ఉంటే చాక్లెట్ దానికి అందని చోట పెట్టండి. థియోబ్రోమిన్ కుక్కలకు విషం. డార్క్ చాక్లెట్‌లో అది మిల్క్ చాక్లెట్ కన్నా చాలా ఎక్కువ. కుక్క తిన్నదని తెలిస్తే వాంతి అవుతుందేమోనని ఎదురుచూడకుండా వెంటనే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.

8. మన ఎండల్లో ఎలా దాచాలి

చాక్లెట్‌కు 16 నుంచి 18 డిగ్రీల చల్లదనం కావాలి. మే నెలలో విజయవాడలోనో, రామగుండంలోనో అల్మరాలో పెడితే పాకమైపోతుంది. ఫ్రిజ్ తప్పదు. కానీ విప్పిన బార్‌ను అలాగే పెడితే తేమనూ, పక్కనున్న ఉల్లిపాయ వాసననూ పీల్చుకుంటుంది. రేకులో గట్టిగా చుట్టి, మూత బిగుసుకునే డబ్బాలో పెట్టి, తలుపు వైపు అరలో ఉంచండి. బయటికి తీశాక డబ్బా మూత వెంటనే తెరవకండి. లోపలి చల్లదనం తగ్గేదాకా ఆగితే ముక్కల మీద నీటి బొట్లు పట్టవు.

ఎండాకాలంలో ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ఐస్ ప్యాక్‌తో పంపుతారో లేదో ముందే చూసుకోండి. దారిలో కరిగి మళ్లీ గడ్డకట్టిన బార్ మీద తెల్లటి మచ్చలు, చారలు వస్తాయి. చాలామంది బూజు అనుకుని పారేస్తారు. అది పైకి తేలిన కోకో బటర్, తినడానికి హాని ఏమీ లేదు. కాకపోతే కొరికితే పిండిపిండిగా ఉంటుంది. అలాంటి బార్‌ను తురిమి, పైన చెప్పిన పాలల్లో కోకో పొడి బదులు వేసుకోండి. వాసన మక్కినట్టు ఉంటేనే పారేయండి.